స్క్రూజ్ కథ: ఏది చదవాలి, ఏది చూడాలి?

డిసెంబరు మూడో వారం వచ్చేసరికి మా ఇంట్లో రెండు తగువులు మొదలవుతాయి. ఒకటి వంటింట్లో, అరిసెల పాకం దగ్గర. రెండోది హాల్లో, టీవీ దగ్గర. పండక్కి చేరిన పిల్లా పెద్దా అందరం కూర్చుని స్క్రూజ్ కథ చూడాలని ఒప్పందం ఎప్పుడో కుదిరింది. ఏ స్క్రూజ్‌ని చూడాలన్న దగ్గరే పేచీ. ‘ఎ క్రిస్మస్ క్యారల్’ అని వెతికితే ఒకే పేరుతో డజను బొమ్మలు వరసగా నిలబడతాయి. ఒకదాంట్లో గుమాస్తా కప్ప. ఒకదాంట్లో షావుకారు బాతు. ఇంకోదాంట్లో దయ్యాన్ని చూసి పెద్దవాళ్ళే దుప్పటి ముసుగేసుకోవాలి.

ఏళ్ళ తరబడి వీటిలో చాలావరకు చూసి, పుస్తకం మూడు నాలుగుసార్లు పైకి చదివి వినిపించాక నాకంటూ ఒక లెక్క కుదిరింది. ఇక్కడ చెప్పేది ఆ లెక్కే. నచ్చకపోతే రిమోట్ మీ చేతిలోనే ఉంది.

ఇంగ్లీషు రచయిత చార్లెస్ డికెన్స్ రాసిన ఈ కథ తెలియనివాళ్ళకు నాలుగు ముక్కల్లో చెప్తాను. లండన్‌లో ఎబనేజర్ స్క్రూజ్ అని ఒక వ్యాపారి. ఎంగిలి చేత్తో కాకిని తోలని రకం. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం, పండగ భోజనానికి రమ్మని పిలవడానికొచ్చిన మేనల్లుణ్ణి కసిరి పంపేస్తాడు. బీదలకు చందా అడిగిన పెద్దమనుషులను ‘ఏం, జైళ్ళు లేవా? వర్క్‌హౌసులు లేవా?’ అని నిలదీస్తాడు (వర్క్‌హౌస్ అంటే గతిలేని బీదలను చేర్చే చోటు). తాళం కన్నం దగ్గర వంగి క్యారల్ ఎత్తుకున్న పిల్లాడి మీదికి రూళ్ళకర్ర ఎత్తుతాడు. గుమాస్తా బాబ్ క్రాచిట్‌కి ఒక్కరోజు సెలవివ్వడానికి జేబు కోసినట్టు బాధపడతాడు. ఆ రాత్రి, ఏడేళ్ళ కిందట పోయిన భాగస్వామి జేకబ్ మార్లే వస్తాడు. నగదు పెట్టెలు, తాళాలు, ఖాతా పుస్తకాలు గుచ్చిన గొలుసొకటి నడుముకు చుట్టుకుని, ఈడ్చుకుంటూ వస్తాడు. అతని వెనక గతానికొకటి, ఇప్పటికొకటి, రాబోయేదానికొకటి, మూడు ఆత్మలు. తెల్లారేసరికి మనిషి మారిపోతాడు.

ఇంతవరకు అన్ని సినిమాల్లోనూ ఉంటుంది. తేడా అంతా ఆ మార్పు ఎలా వచ్చిందో చూపించడంలో ఉంది.

నేను చూసే గుర్తులు

ఈ కథతో ఏ సినిమా తీసినా టర్కీ కోడి మాత్రం దాదాపు తప్పదు. పొద్దున్నే స్క్రూజ్ కిటికీ తెరిచి వీధిలో కుర్రాణ్ణి కేకేస్తాడు. కొట్టువాణ్ణి పిలుచుకొస్తే ఒక షిల్లింగు, ఐదు నిమిషాల్లోపు వస్తే అరక్రౌను ఇస్తానంటాడు. అంగట్లో అన్నిటికన్నా పెద్ద కోడిని, ఎవరు పంపారో చెప్పొద్దని, క్రాచిట్ ఇంటికి పంపిస్తాడు. చూసేవాళ్ళం హాయిగా నవ్వుతాం. కానీ ఒక్క మాట. పెట్టె నిండా డబ్బున్నవాడికి ఆ పని ఎంతసేపు?

అసలు కష్టం ఆ మధ్యాహ్నం ఉంది. మేనల్లుడు ఫ్రెడ్ ఇంటి ముందు స్క్రూజ్ డజనుసార్లు అటూ ఇటూ తిరుగుతాడు. మెట్లెక్కి తలుపు కొట్టే ధైర్యం చాలదు. ఆఖరికి ఒక్క ఉదుటున వెళ్ళి కొట్టేస్తాడు. లోపలికెళ్ళి అనేది ఇంతే: నేనేరా, మీ మామయ్యని, భోజనానికొచ్చాను, రానిస్తావా? పుస్తకంలో ఇది అరపేజీ కూడా ఉండదు. నాకు మాత్రం కథంతా ఆ గడప మీదే ఉందనిపిస్తుంది.

ఇంగ్లీషులో ‘అంకుల్’ అన్న ఒక్క మాట దగ్గర కథ గడుసుగా దాక్కుంది. ఫ్రెడ్ ఎవరు? స్క్రూజ్ చెల్లెలు ఫ్యాన్ కొడుకు. అంటే స్క్రూజ్ మేనమామ. తెలుగులో ఈ మాట చెప్పగానే సగం కథ విప్పుకుంటుంది. తల్లి పోయిన పిల్లాడికి మేనమామంటే ఏమిటో మనకెవరూ విడమరచనక్కర్లేదు. అందుకే, పిల్లలకు ఈ కథ తెలుగులో చెప్పేవాళ్ళు ‘అంకుల్’ అనకండి, పొరపాటున ‘బాబాయ్’ అసలే అనకండి. అక్కడ బాబాయ్ అంటే కథకు వెన్నెముక విరిగినట్టే.

ఆ ఫ్యాన్ ఎవరంటే, సెలవులకు అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయాక బడిలో ఒంటరిగా మిగిలిన అన్న దగ్గరికి పరుగెత్తుకొచ్చి, మెడ పట్టుకు వేలాడి, ‘ఇంటికి తీసుకెళ్ళడానికొచ్చాను అన్నయ్యా, నాన్న ఇదివరకటిలా లేడు’ అని చెప్పిన చిన్నపిల్ల. గతం చూపించే ఆత్మ అడుగుతుంది: ఆమె పెద్దయ్యాక చనిపోయింది, పిల్లలున్నారనుకుంటా? ఒక్కడు, అంటాడు స్క్రూజ్. అవును, నీ మేనల్లుడు, అంటుంది ఆత్మ. స్క్రూజ్ ఇబ్బందిగా కదిలి, ‘అవును’ అని ఊరుకుంటాడు. ఆ ఒక్క ‘అవును’లో మునుపటి సాయంత్రం కసిరి పంపిన మొహం గుర్తొచ్చిన సిగ్గంతా ఉంది. మేనల్లుడి మీద కోపమెందుకో కూడా డికెన్స్ చెప్పాడు: పెళ్ళెందుకు చేసుకున్నావు అని మామ అడిగితే, ప్రేమించాను కాబట్టి అంటాడు ఫ్రెడ్. ఈ సంభాషణ మనకు కొత్తేం కాదు.

ఇంకో చిన్న జాగా కూడా చూస్తాను. బడిలో ఒంటరిగా కూర్చున్న తన చిన్ననాటి రూపాన్ని చూసి స్క్రూజ్ కళ్ళు తుడుచుకుంటాడు. నిన్న రాత్రి మా తలుపు దగ్గర ఒక పిల్లాడు క్యారల్ పాడాడు, వాడికేమైనా ఇచ్చి ఉంటే బాగుండేది, అంటాడు. అప్పటికింకా మూడో ఆత్మ చూపించే తన సమాధి రాయి చూడలేదు. చావు భయం రాలేదు. మార్పు మొదలైంది అక్కడ. మన ఊళ్ళలో డిసెంబరు రాత్రులు డప్పుతో, స్టార్ పట్టుకుని ఇంటింటికీ వచ్చే క్యారల్స్ బృందాన్ని చూసి లైటార్పేసిన ఇల్లు ఒకటైనా మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఇంటివాడికి మర్నాడు ఏమనిపిస్తుందో ఈ ఒక్క వాక్యం చెబుతుంది.

కాబట్టి నా గుర్తులు మూడు: ఫ్యాన్ ఉందా, పాడిన పిల్లాడు మళ్ళీ గుర్తొచ్చాడా, మేనమామ గడప దగ్గర ఆగాడా.

ముందు పుస్తకం సంగతి

చార్లెస్ డికెన్స్ దీన్ని 1843 శరత్కాలంలో ఆరు వారాల్లో రాశాడు. డిసెంబరు 19న లండన్‌లో బయటికొచ్చింది. మొదట వేసిన 6000 ప్రతులు క్రిస్మస్ ముందురోజుకల్లా అయిపోయాయి. వెల ఐదు షిల్లింగులు. కథలో బాబ్ క్రాచిట్ వారం జీతం పదిహేను షిల్లింగులు. అంటే బాబ్ తన కథ తాను కొనుక్కోవాలంటే వారం జీతంలో మూడోవంతు పోయాలి. బట్ట అట్ట, బంగారు అంచు, రంగు బొమ్మలు అని డికెన్స్ పట్టుబట్టి ఖర్చు పెంచుకున్నాడు. అంత అమ్ముడైనా ఆయనకు మిగిలింది ఆయన అనుకున్నదానిలో చాలా తక్కువ. పిసినారి గురించి రాసినాయన చేతిలో డబ్బు నిలవలేదు.

అప్పు అంటే ఏమిటో డికెన్స్‌కి చిన్నప్పుడే తెలుసు. 1824లో తండ్రిని అప్పు కట్టలేదని మార్షల్‌సీ జైల్లో పెట్టారు. పన్నెండేళ్ళ పిల్లాడు బూట్ పాలిష్ తయారుచేసే చోట సీసాలకు కాగితాలు అంటించాడు. ‘జైళ్ళు లేవా’ అన్న స్క్రూజ్ ప్రశ్న రాసేటప్పుడు ఆ చెయ్యి వణికి ఉంటుందని నా ఊహ.

పూర్తి పుస్తకమా, సంక్షిప్తమా? చాలా ఇళ్ళలో ఉండేది బడిలో ఇచ్చిన, నలభై యాభై పేజీల సంక్షిప్తమే. మూలం ఇంగ్లీషులో ముప్ఫై వేల మాటల లోపే. అంటే అది పెద్ద నవలేమీ కాదు, పొడుగాటి కథ. దాన్ని ఇంకా కుదించడంలో పోయేవి సరిగ్గా మనక్కావలసినవే. సంక్షిప్త పుస్తకం కొనేముందు ఆఖరి అధ్యాయం తిప్పండి. ఫ్రెడ్ ఇంటి భోజనం ‘తరువాత మేనల్లుడి ఇంటికి వెళ్ళాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేసి ఉంటే అక్కడే పెట్టేయండి. అన్నట్టు, ఈ కథకు దొంగ సంక్షిప్తం 1844 జనవరిలోనే వచ్చింది. డికెన్స్ కోర్టుకెక్కి గెలిచాడు. ఓడినవాళ్ళు దివాలా తీశారు. కోర్టు ఖర్చు దాదాపు 700 పౌండ్లు గెలిచినాయన నెత్తినే పడింది.

పుస్తకం ఇచ్చి సినిమా ఇవ్వలేనిది ఏమిటంటే, ఎవరూ అనని మాటలు. క్రాచిట్ ఇంటి భోజనం చూడండి. ఆ రోజుల్లో బీద ఇళ్ళలో పెద్ద పొయ్యి ఉండేది కాదు, బాతును రొట్టెల దుకాణంలో కాల్పించుకోవాలి. పిల్లలు వెళ్ళి దాన్ని ఊరేగింపుగా తెస్తారు. పుడ్డింగ్ ఉడికేది బట్టలుడికించే రాగి కాగులో, గుడ్డలో కట్టి. మూత తీయగానే చాకిరేవు వాసన. తీసుకురావడానికి వెళ్ళిన ఇల్లాలికి గుండె దడ: ఉడకలేదేమో, గుడ్డ విప్పుతుంటే విరిగిపోతుందేమో, మేం బాతు తింటుండగా ఎవడైనా వెనక గోడ దూకి ఎత్తుకుపోయాడేమో! తెచ్చి బల్ల మీద పెడుతుంది. ఇంతమందికి ఇంత చిన్న పుడ్డింగా అని ఒక్కరూ అనరు. అనుకోరు కూడా. అలా సూచించడానికైనా ప్రతి క్రాచిట్టూ సిగ్గుపడేవాడని డికెన్స్ రాస్తాడు. అందరూ అరిసె సగం సగం తుంచుకుని ‘నాకు చాలమ్మా’ అనుకున్న ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఈ వాక్యం దగ్గర గొంతు పట్టుకుంటుంది.

చదివి వినిపించాలనుకుంటే ఒక సదుపాయం ఉంది. పుస్తకం ఐదు భాగాలు. పాటకు చరణాలన్నట్టు డికెన్స్ వాటిని ‘స్టేవ్’లన్నాడు. డిసెంబరు 20న మొదలుపెట్టి రోజుకొకటి చదివితే 24 సాయంత్రానికి అయిపోతుంది. ఐదోది బాగా చిన్నది, రాత్రి ఆరాధనకు బయల్దేరే హడావిడిలో కూడా సరిపోతుంది. మూడోది బాగా పొడుగు, అందుకే ఆ రోజు భోజనాలు ముందే కానివ్వండి. మొదటి పేజీలో తలుపు మేకు గురించి ఒక పరాచికం ఉంటుంది, అది ఇంగ్లీషు సామెత మీద నడుస్తుంది, తెలుగులో చెప్పబోతే నవ్వు రాదు. దాటేయండి, పాపం లేదు. డికెన్సే ఈ కథను సభల్లో చదివేటప్పుడు కత్తిరించుకుంటూ పోయాడు. 1853 డిసెంబరులో బర్మింగ్‌హామ్ టౌన్‌హాల్లో తొలిసారి జనం ముందు చదివాడు. 1870 మార్చిలో, చనిపోవడానికి మూడు నెలల ముందు లండన్‌లో ఆఖరిసారి చదివిందీ దీన్నే.

కాపీరైట్ ఏనాడో తీరిపోయింది. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో పూర్తి మూలం ఉచితం, లిబ్రివాక్స్‌లో ఆడియో ఉచితం. కొనాల్సిన అవసరమే లేదు.

ఇక సినిమాలు

ముందు ఒక జాగ్రత్త. ఓటీటీల్లో ఏది ఎక్కడుందన్నది ఏడాదికోసారి మారిపోతుంది, అందుకని ఆ జాబితా ఇక్కడ రాయను. పేరుతోపాటు సంవత్సరం కూడా కొట్టి వెతకండి. లేకపోతే కప్ప బదులు శవపేటిక వస్తుంది.

పెద్దవాళ్ళకు ఒక్కటే చూపించాలంటే 1951 నలుపు తెలుపు సినిమా చూపిస్తాను. బ్రిటన్‌లో ‘స్క్రూజ్’ అన్న పేరుతో వచ్చింది, నిడివి గంటన్నర లోపే. స్క్రూజ్‌గా అలస్టైర్ సిమ్. ఆ మొహం చూడాలి. కళ్ళు పెద్దవి, సంచుల్లా వేలాడుతుంటాయి. మొదట్లో వాటిలో విసుగు తప్ప ఏమీ ఉండదు. ఆఖర్లో పొద్దున్నే తలకిందులుగా నిలబడబోతుంటే పనిమనిషి కెవ్వున కేకేసి మెట్లు దిగి పారిపోతుంది. మా నాన్న ప్రతి ఏడాదీ అక్కడే నవ్వుతాడు, అది ఇంతకుముందు చూడనట్టు.

ఈ సినిమా పుస్తకాన్ని ఒకచోట దాటింది. ఫ్యాన్ పురిట్లో పోతుంది. ఆ కోపం స్క్రూజ్ పసిగుడ్డు మీద పెట్టుకుంటాడు. చనిపోయే ముందు ఆమె, నా బిడ్డను చూసుకో అని అడుగుతుంది, కానీ అప్పటికే అతను గది దాటి వెళ్ళిపోయాడు. ఆత్మతో మళ్ళీ వచ్చినప్పుడు తప్ప ఆ మాట అతని చెవిన పడదు. డికెన్స్ ఇదేదీ రాయలేదు. తల్లి తనను కంటూ పోయిందని కూడా సినిమా అంటుంది కాబట్టి ఫ్యాన్ అక్క కావాలి, పుస్తకంలో ఆమె చెల్లెలు. పట్టుదల గల పాఠకుడిగా నేను గింజుకోవాలి. గింజుకోలేను. ఎందుకంటే ఆ గడప దృశ్యం ఇంత బాగా ఇంకెవరూ తీయలేదు. స్క్రూజ్ టోపీ తీసి, లోపలి గది తలుపు దగ్గర ఆగిపోతాడు. లోపల పాట నడుస్తుంటుంది. పనమ్మాయి, పర్లేదు వెళ్ళండి అన్నట్టు చిన్నగా తలూపుతుంది. ఒక ముసలాయన ఒక చిన్న పనిపిల్ల దగ్గర ధైర్యం అప్పు తీసుకుంటాడు. ఆ తర్వాత మేనల్లుడి భార్య దగ్గరికెళ్ళి, ఇన్నేళ్ళు కళ్ళూ చెవులూ లేకుండా బతికిన మొండి ముసలివాణ్ణి క్షమిస్తావా, అని అడుగుతాడు. కోడలిని అడగడం, గమనించండి.

రంగుల్లో కావాలంటే 1984లో టీవీకి తీసింది. జార్జ్ సి. స్కాట్ స్క్రూజ్. ఇతను వణికే ముసలివాడు కాడు, బలంగా, భుజాలు విరుచుకుని ఉంటాడు. ధాన్యం ధర దగ్గర పైసా తగ్గడు. మనకు బజార్లో రోజూ కనపడే షావుకారే. అలాంటివాడు మారడమే ఎక్కువ నమ్మకం కలిగిస్తుందని మా తమ్ముడి వాదన, అందులో నిజముంది. ఫ్రెడ్ ఇంట్లో, నీలో మా చెల్లి పోలికలు కనిపిస్తున్నాయి అంటాడు. మామూలు మాటే. కానీ పండగ పూట మనవాళ్ళ ఇళ్ళలో ఎన్నిసార్లు విన్నామో! దీన్ని ఇంగ్లండ్‌లో ష్రూస్‌బరీ ఊళ్ళో తీశారు. సినిమా కోసం సెయింట్ చాడ్స్ చర్చి ఆవరణలో పెట్టిన స్క్రూజ్ సమాధి రాయిని తీసేయకుండా అక్కడే ఉంచేశారు. చూడ్డానికి జనం వెళ్తారు. నాకు 1951కీ దీనికీ మధ్య ఎంచుకోవడం ప్రతిసారీ కష్టమే. ఇంట్లో పదేళ్ళు దాటిన పిల్లలుంటే దీనికే ఓటేస్తాను, నలుపు తెలుపు అనగానే వాళ్ళు ఫోన్లు తీస్తారు కనుక.

పదేళ్ళ లోపు పిల్లలుంటే ఆలోచించక్కర్లేదు, 1992లో వచ్చిన మపెట్ బొమ్మల సినిమా. బాబ్ క్రాచిట్ ఒక ఆకుపచ్చ కప్ప. అతని భార్య పంది. గోంజో అనే ముక్కు పొడుగు జీవి డికెన్స్ వేషంలో కథ చెబుతుంటాడు, పక్కన ఒక ఎలుక పళ్ళు తింటుంటుంది. నవ్వులాటలా అనిపిస్తుంది కదా? చూడండి మరి. స్క్రూజ్‌గా చేసిన మైకేల్ కేన్ ఒక్కసారి కూడా బొమ్మల వంక చూసి కన్నుగీటడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా షేక్స్‌పియర్ నటులే అన్నట్టు నటించాడు. బాబ్ కొడుకు, జబ్బు పిల్లాడు టైనీ టిమ్ ఇందులో చిన్న కప్ప; వాడు కూర్చునే పీట ఖాళీగా కనపడ్డప్పుడు మా మేనకోడలు ఎవరి ఒళ్ళో దూరిందో చెప్పను. డికెన్స్ వాక్యాలు కథకుడి నోట చాలా వినిపిస్తాయి, పుస్తకానికి ఇదొక మంచి గుమ్మం.

లోటు కూడా చెప్పాలి. ఇందులో ఫ్యాన్ లేదు. గడప దగ్గర తటపటాయింపు లేదు. మేనల్లుడితో సఖ్యత ఒక హుషారు పాటలో కలిసిపోతుంది. నా గుర్తుల ప్రకారం ఫెయిల్. అయినా పెడతాను, కారణం ఎదురుగా కూర్చున్నవాళ్ళ వయసు. ఒక చిన్న సూచన: స్క్రూజ్‌తో పెళ్ళి తెంచుకుని వెళ్ళిపోయే బెల్ పాడే పాట థియేటర్ కాపీలో తీసేశారు, పిల్లలకు విసుగని. 2022లో డిస్నీ ప్లస్ దాన్ని కలిపిన పూర్తి కాపీని విడుదల చేసింది. దొరికితే ఆ పొడుగు కాపీ చూడండి. పిల్లలు ఆ మూడు నిమిషాలు నీళ్ళు తాగడానికి లేస్తారు, పర్లేదు. మైకేల్ కేన్ ఏడ్చేది అక్కడే.

అరగంటే టైముందా? రెండున్నాయి. 1983లో డిస్నీ తీసిన మికీ మౌస్ కథ 26 నిమిషాలు. షావుకారు బాతు స్క్రూజ్ మెక్‌డక్. తొంభైల్లో దూరదర్శన్‌లో ఆదివారాలు ‘డక్ టేల్స్’ చూసినవాళ్ళకు ఈయన పాత చుట్టం. ఆ బాతుకు పేరొచ్చిందే డికెన్స్ పిసినారి నుంచి. మేనల్లుడు డొనాల్డ్. ఐదేళ్ళ పిల్లలకు ఇది చాలు. రెండోది 1971లో రిచర్డ్ విలియమ్స్ గీసిన బొమ్మల చిత్రం, అంతే నిడివి. యానిమేషన్ లఘుచిత్రానికి ఆస్కార్ గెలిచింది. స్క్రూజ్ గొంతు మళ్ళీ అలస్టైర్ సిమ్‌దే. పాత పుస్తకాల్లోని చెక్కుడు బొమ్మలు లేచి నడిచినట్టుంటుంది. గని కార్మికులు గుడిసెలో పాడుకోవడం, నడిసముద్రంలో దీపస్తంభం దగ్గర ఇద్దరు మనుషులు చేతులు కలపడం, ఇవి పెద్ద సినిమాలు సాధారణంగా వదిలేసే జాగాలు, ఈ చిన్నది పట్టుకుంది. కానీ పసిపిల్లలకు వద్దు. మార్లే దవడ జారిపోయే దృశ్యం చూస్తే రాత్రి మీకు నిద్ర ఉండదు.

2009లో రాబర్ట్ జెమెకిస్ తీసిన జిమ్ క్యారీ సినిమాలో మాటలు చాలావరకు పుస్తకానివే. ముఖాలే మైనపు బొమ్మల్లా ఉంటాయి. మధ్యలో స్క్రూజ్ వేలెడంత అయిపోయి గుర్రపు బండి ముందు పరుగెత్తడం దేనికో నాకిప్పటికీ అర్థం కాలేదు, అప్పట్లో త్రీడీ టికెట్ల కోసమై ఉంటుంది. ఏడెనిమిదేళ్ళ పిల్లలు భయపడతారు.

పాటలు కావాలంటే 1970లో ఆల్బర్ట్ ఫిన్నీ చేసిన ‘స్క్రూజ్’. అందులో ఒక దృశ్యం మాత్రం మర్చిపోలేను: అప్పులవాళ్ళంతా వీధిలో కృతజ్ఞతలు చెబుతూ ఆడిపాడుతుంటారు. తనకేననుకుని స్క్రూజ్ కూడా వాళ్ళతో గంతులేస్తాడు. వాళ్ళు మోసుకెళ్తున్నది తన శవపేటికే. 1938 నాటిది 69 నిమిషాలు, ముద్దుగా ఉంటుంది, చేదంతా తీసేసిన కాకరకాయ కూరలాగ. స్క్రూజ్ పెళ్ళి తప్పిన కథ లేదు, వర్తమానపు ఆత్మ అంగీ కింద దాగిన ఆ ఇద్దరు పిల్లలు, అజ్ఞానం, లేమి, వాళ్ళూ లేరు. 1988లో బిల్ ముర్రే చేసినది న్యూయార్క్ టీవీ ఆఫీసులో నడిచే వెటకారం, అందులో మేనల్లుడి బదులు తమ్ముడు. 2019లో బీబీసీ తీసిన మూడు భాగాలది పూర్తిగా పెద్దలకే. పిల్లల మీద అఘాయిత్యం లాంటివి ఉన్నాయి, పండగ రోజు ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేది కాదు.

ఎవరింట్లో ఏది

అమ్మమ్మా తాతయ్యా ఉన్న ఇల్లు: 1951. పిల్లలే ఎక్కువైతే మపెట్లు. కాలేజీ పిల్లలు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు ఉంటే 1984. పెద్దలకూ పిల్లలకూ ఇంగ్లీషు వేగం అందదనుకుంటే సినిమాకన్నా మీరు తెలుగులో చెప్పడం మేలు. పుస్తకం చేతిలో పట్టుకుని, పేరా చదివి, కథగా చెప్పండి. వర్క్‌హౌస్ అంటే ఏమిటో ముందే చెప్పుకోండి. 1834 చట్టం తర్వాత బీదలకు సాయం కావాలంటే అందులో చేరాలి, మొగుణ్ణీ పెళ్ళాన్నీ పిల్లల్నీ విడదీసి ఉంచేవారు. అది తెలిస్తే ‘అందులోకి పోవడంకన్నా చావే నయమనుకుంటారు చాలామంది’ అని ఆ పెద్దమనిషి అనడం, ‘అయితే చావమనండి, జనాభా తగ్గుతుంది’ అని స్క్రూజ్ జవాబివ్వడం ఎంత కటికదో పిల్లలకు అందుతుంది. మూడో భాగంలో ఆత్మ ఆ మాటనే అతనికి తిప్పి అప్పజెప్పినప్పుడు వాళ్ళే ముందు పట్టుకుంటారు.

సినిమా ముందా పుస్తకం ముందా అని అడుగుతారు. చిన్నపిల్లలకు సినిమా ముందు, పుస్తకం తర్వాత. పెద్దవాళ్ళకు తిరగేసి. టైనీ టిమ్ బతుకుతాడా పోతాడా అన్న బెంగ ఒక్కసారే దొరుకుతుంది, అది పుస్తకంలో పడితే బాగుంటుంది. ఆ ‘చనిపోలేదు’ అన్న మాట డికెన్స్ చేతిరాత ప్రతిలో లేదు, అచ్చుకు వెళ్ళేటప్పుడు చేర్చాడు. ఆ చేతిరాత ఇప్పుడు న్యూయార్క్‌లోని మోర్గన్ లైబ్రరీలో ఉంది. ఒక్కసారి ఆలోచించండి, ఆ ముక్క రాయడం మర్చిపోయి ఉంటే ఎన్ని ఇళ్ళలో పిల్లలు అన్నం మానేసేవారో.

ఫ్రెడ్ గురించి ఒక్క మాట మిగిలింది. పుస్తకంలో అతను డబ్బున్నవాడేమీ కాదు, నీకు సంతోషించే హక్కేముంది, బీదవాడివి, అని మామే ఎత్తిపొడుస్తాడు. ఇచ్చేందుకు అతని దగ్గరున్నది పిలుపొక్కటే. ఆయన వచ్చినా రాకపోయినా ప్రతి ఏడాదీ వెళ్ళి పిలుస్తాను, జాలేస్తుంది నాకు ఆయన్ని చూస్తే, అంటాడు భార్యతో. స్క్రూజ్‌ని ఎవరు ఆడారన్నది అందరూ చూస్తారు. ఏ సినిమా పెట్టినా ఫ్రెడ్‌ని ఎవరు వేశారో కూడా చూడండి. అతను ఊరికే పళ్ళికిలించే కుర్రాడైతే ఆ గడపకు బలం రాదు.

పోయిన ఏడాది 24 సాయంత్రం ఆఖరి భాగం చదువుతుంటే మా చెల్లి కొడుకు, తొమ్మిదేళ్ళవాడు, మధ్యలో ఆపాడు. ‘మామయ్యా, డజనుసార్లు తిరిగాడు కదా, లోపల్నుంచి ఎవరైనా కిటికీలో చూసి ఉంటే?’ డికెన్స్ ఆ సంగతి రాయలేదురా అన్నాను. వాడు ఒప్పుకోలేదు. ఫ్రెడ్ చూసే ఉంటాడని, చూసీ తలుపు తీయకుండా ఆగాడని, మామయ్యే కొట్టాలని అలా ఆగాడని వాడి లెక్క. ఈ ఏడాది ఆ పేజీ తనే చదువుతానని నవంబరులోనే ఫోన్ చేసి చెప్పాడు.